ఎర్రగీత మీద మంచం

పటం పూర్తయింది. మాస్టారు మాత్రం దాని మీద సంతకం పెట్టడం లేదు. కిన్నెర బాధంతా అదే.

పెట్టనని అనరు. అంటే బాగుండును, పోట్లాడొచ్చు. రోజూ పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని, గోడకి తగిలించిన ఆ పెద్ద పటం ముందు నిలబడతారు. ఈ మూల నుంచి ఆ మూల దాకా తీరిగ్గా చూస్తారు. "చూద్దాంలే అమ్మాయ్" అని దర్గా వైపు వెళ్ళిపోతారు.

కిన్నెర అక్కడే నిలబడి ఆయన వీపు వంక చూస్తూ ఉండిపోతుంది.

మస్తాన్ మాస్టారంటే మడరేవు ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. వయసులో ఉన్నప్పుడు సర్వే శాఖలో గొలుసు పట్టుకుని పొలాలూ పుంతలూ కొలిచిన మనిషి. ఇప్పుడు సాయంత్రం దర్గాలో దీపం పెట్టడం, మిగతా వేళంతా దర్గా పక్కన ముసాఫిరులు దిగడానికి కట్టిన పొడుగు గదిలో కుర్రకారుకి పటాలు గీయడం నేర్పడం. అదే ఆయన లోకం.

నేర్పడమంటే కూర్చోబెట్టి పాఠం చెప్పిన పాపాన పోలేదు. "వెళ్ళి ఆ కాలవగట్టు మీద కాసేపు కూర్చుని రా" అంటారు. ఎందుకో చెప్పరు. వచ్చాక ఏం చూశావనీ అడగరు. మరొకళ్ళయితే అలాంటి గురువు దగ్గర వారం నిలవరు. కిన్నెర రెండేళ్ళుగా ఉంది.

కిందటేడు ఆ గదిలోకి డ్రోన్ వచ్చింది. అది మొదటిసారి పైకి లేచి, చేతిలో తెర మీద ఊరంతా పరుచుకున్నప్పుడు కిన్నెర గుండె ఒక్కసారి ఆగి మళ్ళీ కొట్టుకుంది. తను పుట్టిన ఊరే! చేపల కంపు, బురద, నీళ్ళ పంపు దగ్గర తగువులు... ఆ ఊరేనా ఇది? పెంకుల ఎరుపు, రేకుల తెలుపు, మధ్యమధ్య కొబ్బరి మొవ్వులు ఆకుపచ్చ నక్షత్రాల్లాగా, ఆ చివర సముద్రం వెండి జరీ అంచులాగా. ఆ రోజు నుంచి ఆ పిల్ల నేల మీద నడవడం మానేసిందంటే నమ్మాలి. డ్రోనుకి గువ్వ అని పేరు కూడా పెట్టుకుంది.

"దానికి గింజలు కూడా వేస్తావా ఏంటి?" అని ఏడిపించేవాడు యోహాను. ఆ గదిలో అందరికన్నా పాత శిష్యుడు. చేతులు ఆగినా నోరు ఆగదు.

అలా ఉండగా మున్సిపాలిటీ వాళ్ళు మాస్టారి దగ్గరికి వచ్చారు. తుఫాను వస్తే సముద్రం పక్కనున్న రేవుపేట జనం ఏ దారిన తుఫాను షెల్టరుకి చేరాలి? దానికి పటం కావాలి. పటంలో ఎర్రగీత ఎటు పోతే అటే పేట గోడల మీద బాణాలు వేస్తారు. రేపు గాలివానలో, కరెంటు పోయాక, పిల్లాజెల్లా ఆ బాణాల్నే నమ్ముకుని పరుగెత్తాలి.

మాస్టారు ఆ పని కిన్నెర చేతిలో పెట్టారు.

పట్టుకుంది చూడండి, ఇక ఒళ్ళు తెలియలేదు. నీడ పడితే పటం పాడవుతుంది. నీడలో గోడ ఏదో గుంట ఏదో తేలదు. అందుకని సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళ చూసి గువ్వని ఎగరేస్తారు. ఆ మండుటెండలో, తల మీద తడిగుడ్డ వేసుకుని, రేవుపేట మేడల మీదా ఇసుక దిబ్బల మీదా నిలబడింది. మబ్బు పట్టిన రోజు మానుకుంది. గాలి ఎక్కువైతే మానుకుంది. లెక్కలేనన్ని ఫొటోలు తీసింది. వాటిని కంప్యూటర్ ఒకదానికొకటి కలిపి కుట్టేస్తుంది. ఆ కుట్టులో కదిలేవన్నీ చెరిగిపోతాయి. సైకిళ్ళు పోతాయి, మేకలు పోతాయి, మనుషులు పోతారు. మిగిలేది కదలని ఊరు.

ఆ కదలని ఊరి మీద, వీధుల వెడల్పులన్నీ కొలుచుకుని, రేవు నుంచి షెల్టరు దాకా ఒక ఎర్రగీత గీసింది. గీసి, దానికేసి చూసి, తనకు తానే మురిసిపోయింది. ఇంజనీరు గారు చూసి, "ఇది గనక కుదిరితే తీరం పొడుగునా అన్ని ఊళ్ళూ నీకే" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచీ కళ్ళు మూస్తే చాలు, గువ్వ ముందూ తను వెనకా, ఊరి వెంట ఊరు, ఒడ్డు వెంట ఒడ్డు.

అన్నీ ఉన్నాయి. సంతకం లేదు.

"మాస్టారూ" అంది ఆ సాయంత్రం. "రేపు పొద్దున్నే ఇంజనీరు గారొస్తారు. పెయింటర్లని కూడా వెంటపెట్టుకుని."

"రానీ."

"సంతకం లేకుండా ఎలా ఇవ్వను?"

"ఊఁ."

"మాస్టారి పెన్నులో సిరా లేదేమోనే" అన్నాడు యోహాను కంప్యూటర్ వెనక నుంచి.

"నువ్వు నోర్ముయ్యి!" అంది కిన్నెర. మళ్ళీ మాస్టారి వైపు తిరిగింది.  "ఏం తప్పుందో చెప్పండి. ఒక్కటంటే ఒక్కటి. కూర్చుని దిద్దుకుంటాను. తప్పు లేకపోతే పెట్టండి."

"తప్పేం లేదమ్మాయ్. నా జన్మలో నేను ఇంత శుభ్రమైన పటం గీయలేదు."

"మరి?"

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టారు. నిలబడే ఛాతీ మీద చెయ్యి వేసుకున్నారు.

"ఒంట్లో బాగాలేదు."

"అయ్యో! ఏమైంది మాస్టారూ?" కిన్నెర కంగారుగా దగ్గరికొచ్చింది.

"లేవలేకపోతున్నాను. పైగా తుఫాను కూడా వచ్చేట్టుంది. నన్ను షెల్టరుకి తీసుకెళ్ళండి. అదిగో, ఆ మంచం మీద."

కిన్నెర ఆయన వంకా, కిటికీలోంచి ఆకాశం వంకా చూసింది. ఆకాశంలో ఒక మూల కాస్త మబ్బుంది. యోహాను నవ్వు ఆపుకోలేక దగ్గడం మొదలుపెట్టాడు. మాస్టారి మొహంలో నవ్వు లేదు.

"నీ గీత ఎక్కడ మొదలైందో అక్కణ్ణుంచి" అన్నారాయన.

కిన్నెర పట్టుదలగల పిల్ల. నా గీత మీద నమ్మకం లేదా, చూపిస్తాను అనుకుంది. అయినా ఒక మాట అడిగింది. "రేపు మధ్యాహ్నం వెళ్దాం మాస్టారూ. ఇప్పుడు వీధుల్లో జనం ఉంటారు."

"నాకు ఇప్పుడే బాగాలేదు."

గదిలో మూల నిలబెట్టి ఉన్న నులకమంచాన్ని నలుగురూ ఎత్తుకున్నారు. కిన్నెర, యోహాను ముందు. రజాక్, పైడిరాజు వెనక. ఆ ఇద్దరూ కొత్తగా చేరిన కుర్రాళ్ళు, ఏమిటీ ఎందుకూ అని అడగకుండా చెప్పింది చేస్తారు. లేవలేని మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని, వాళ్ళ ముందు చకచకా నడిచారు. రేవు దగ్గర, పడవలు ఇసకలోకి లాగి పెట్టిన చోట, ఆగారు. మంచం దింపించారు. తువ్వాలు మడిచి తల కింద పెట్టుకుని నడుం వాల్చారు.

"ఇక లేవను. షెల్టరు మెట్ల దగ్గర లేపండి" అని కళ్ళు మూసుకున్నారు.

నలుగురూ మంచాన్ని భుజాలకెత్తుకున్నారు.

రేవు దాటేసరికే గోల మొదలైంది. వల బాగు చేసుకుంటున్న ఒకతను గబుక్కున లేచి నిలబడి తలపాగా తీసేశాడు. ఎండుచేపలు తట్టలోకి ఎత్తుతున్న ఆడమనిషి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఎవురండీ పోయింది?"

"ఓరి దేవుడో, మస్తాన్ మాస్టారే! పొద్దున్న బానే ఉన్నారు కదండీ, నా కళ్ళారా చూశానే!"

మాస్టారు తల కొంచెం ఎత్తారు. "ఇంకా పోలేదమ్మా. పడుకున్నానంతే."

ఆ మనిషి కెవ్వుమని తట్ట వదిలేసింది. చేపలు రోడ్డంతా పడ్డాయి. వెనక నుంచి వినిపించిన తిట్లు రాయకపోవడమే మర్యాద.

కిన్నెర చెవులు ఎర్రబడ్డాయి. అయినా తల దించలేదు. మొదటి మలుపు సాఫీగా దాటారు. రెండోదీ దాటారు. చూశారా అన్నట్టు ఒకసారి మంచం వైపు కళ్ళెత్తింది. మాస్టారు ఆకాశం చూస్తున్నారు.

మూడో మలుపులో ఎర్రగీత రామచిలకల వీధిలోకి తిరిగింది. రేవుపేటలో అంత వెడల్పు వీధి మరొకటి లేదు. కిన్నెర ఏరికోరి పెట్టుకున్న వీధి. పటంలో రెండు మంచాలు పక్కపక్కన పట్టుకుని పోవచ్చు.

ఇప్పుడు దీపాలు పెట్టే వేళ.

పొద్దుటనగా బజారుకెళ్ళిన తోపుడు బళ్ళన్నీ ఇళ్ళకి తిరిగొచ్చాయి. అరటిపళ్ళ బండి, ఐసు బండి, గాజుల బండి. ఈ గోడకి రెండు, ఆ గోడకి రెండు. వాటి పక్కన ఆటోలు. ఆటోల పక్కన ఉక్కకి బయట వేసుకున్న మంచాలు. అప్పుడే పంపులో నీళ్ళు వదిలినట్టున్నారు, వీధి మధ్యన బిందెలు బారులు తీరి ఉన్నాయి. మధ్యాహ్నం కిన్నెర గువ్వ చూసిన వీధి ఇది కాదు. ఈ వీధిని గువ్వ ఎప్పుడూ చూడలేదు.

మంచం అరటిపళ్ళ బండి దాకా వచ్చి ఆగిపోయింది.

"ఏవండీ, ఈ బండి ఎవరిది? కొంచెం పక్కకి తీస్తారా?" అంది కిన్నెర.

గుమ్మంలో కూర్చుని బీడీ కాలుస్తున్న మనిషి తల తిప్పాడు. సూరిబాబు అతని పేరు. "పక్కకంటే ఎక్కడికమ్మా? నా నెత్తి మీద పెట్టుకోనా?"

"రెండు నిమిషాలండీ."

"గొలుసేసుంది. తాళం మా బావమరిది దగ్గరుంది. ఆడు పెళ్ళికెళ్ళాడు."

"పోనీ బిందెలు..." అని అటు తిరిగిందో లేదో, "ఇదిగో పిల్లా!" అని ఒకావిడ నడుం మీద చేతులు పెట్టుకుని వచ్చేసింది. "బిందె మీద చెయ్యి పడిందో, బాగుండదు చెప్తున్నా. జరిపితే నా వంతు పోద్ది. రేపు దాకా మీ మాస్టారొచ్చి పోస్తాడా నీళ్ళు?"

"వెనక్కి పోదాం కిన్నెరా" అన్నాడు యోహాను. మొహంలో వెక్కిరింత పోయింది, చెమట మిగిలింది. వెనక్కి తిరిగి చూస్తే అప్పుడే ఒక ఆటో లోపలికొచ్చి, దారికి అడ్డంగా నిలబడింది, డ్రైవరు చొక్కా విప్పుకుంటూ ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

ముందుకి లేదు, వెనక్కి లేదు.

అప్పుడు చినుకు పడింది. ఆ మూలనున్న మబ్బు ఎప్పుడు నెత్తి మీదికొచ్చిందో ఎవరూ చూడలేదు. ముందు రెండు చినుకులు, తర్వాత జల్లు. వీధిలో జనం మంచాలెత్తుకుని లోపలికి పరుగెత్తారు. బిందెలు మాత్రం కదల్లేదు.

"మాస్టారూ, దిగండి. తడిసిపోతున్నారు."

"జబ్బుమనిషిని కదమ్మాయ్. ఎలా దిగను?"

"మాస్టారూ, దండం పెడతాను..."

"ఆకాశం మాత్రం బాగుంది ఇక్కణ్ణుంచి" అన్నారాయన, చినుకులకి కళ్ళు చికిలిస్తూ.

కిన్నెరకి ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఆయన మీద కాసేపు, సూరిబాబు మీద కాసేపు. భుజం మీద మంచంపట్టె కోసుకుపోతోంది. ఆ తెల్లటి గడ్డం మీద నీళ్ళు కారుతున్నాయి. ఆయన లేవగలరు. లేచి నవ్వుతూ ఇంటికి పోగలరు. ఆ మాట గుర్తొచ్చిన మరుక్షణం ఇంకో మాట గుర్తొచ్చింది. లేవలేని వాళ్ళు ఉంటారు.

ఏడుపు ఆగిపోయింది.

"ఎవరూ దింపొద్దు" అంది మిగతా ముగ్గురితో. "పట్టుకునే ఉండండి."

యోహాను ఆమె మొహం చూసి మంచంపట్టెని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

కిన్నెర మెడ తిప్పగలిగినంత మేర తిప్పి చూసింది. ముందు, వెనక, పైన, పక్కన. పక్కన ఒక రేకుల ఇల్లు. వీధి తలుపు తెరిచి ఉంది. మన పాత ఇళ్ళన్నీ అంతే కదా, వీధి గుమ్మం, నడవ గుమ్మం, పెరటి గుమ్మం ఒక తాడు పట్టి పెట్టినట్టు వరసగా ఉంటాయి. ఆ మూడు గుమ్మాల్లోంచి, ఇంటి అవతల, ఒక సైకిలు వెలుగు మెరుస్తూ దాటిపోయింది.

అవతల వీధి!

పటంలో ఆ చోట తెల్లటి చతురస్రం ఒకటి ఉంది. కప్పు. ఆమె గువ్వకి కప్పే కనబడింది.

"అమ్మా! ఎవరున్నారమ్మా లోపల?"

ఒక నడివయసావిడ దీపం కుంది చేత్తో పట్టుకుని వచ్చింది. నూకరత్నం అని పేట అంతా పిలుస్తారు. మంచం చూసి గుమ్మంలోనే బిగుసుకుపోయింది.

"మీ ఇంట్లోంచి అవతలికి వెళ్తామమ్మా. ఒక్కసారి. షెల్టరుకి."

"దీపం పెట్టిన వేళ, మంచం మీద మనిషిని నా ఇంట్లోకా? నీకేమైనా మతుందా అమ్మాయ్?"

"బతికే ఉన్నారమ్మా."

"బతికే ఉన్నాను తల్లీ" అని మంచం మీంచి గొంతు వచ్చింది. "కాస్త తడిశాను."

నూకరత్నం ఆ గొంతు పోల్చుకుని గుండెల మీద చెయ్యి వేసుకుంది. అయినా గుమ్మం వదల్లేదు. "ఎవరైనా సరే. శాస్త్రం శాస్త్రమే."

"అమ్మా, తుఫాను వచ్చి, నిజంగా ఎవరినైనా ఇలా మోసుకొస్తే, అప్పుడు ఏం చేస్తారు?" అంది కిన్నెర. గట్టిగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

 నూకరత్నం లోపలికి ఒకసారి చూసింది. ఇటు మంచం చూసింది. దీపం కుంది పక్కన పెట్టేసింది.

"అయితే కాళ్ళు ముందుకి రాకూడదు. తలవైపు ముందు పెట్టి తీసుకురండి."

ఇక చూడాలి ఆ తమాషా. అంత ఇరుకులో, వానలో, అరటిపళ్ళ బండికీ గోడకీ మధ్య మంచాన్ని తిప్పాలి. "ఎత్తు, ఎత్తు!" "ఇటు కాదురా!" "నా కాలు, నా కాలు!" సూరిబాబు బీడీ పారేసి వచ్చి ఒక చెయ్యి వేశాడు. ఇందాక నడుం మీద చేతులు పెట్టుకున్నావిడ "ఎడమకి వంచండి, ఎడమకి! మీ చేతులకి ఎడమేదో కూడా తెలీదా?" అని బిందె మీంచి చెయ్యి తీయకుండానే కేకలేసింది. ఎలాగో తిరిగింది. మంచాన్ని భుజాల మీంచి చేతుల్లోకి దించి, తలలు వంచుకుని, గుమ్మం దాటారు.

నడవలో పిల్లలిద్దరు పళ్ళేల ముందు కూర్చుని అన్నం తింటున్నారు. నోట్లో ముద్ద నోట్లోనే ఉండగా, తమ నెత్తి మీంచి మంచం పోవడం చూశారు. చిన్నది మాస్టారికి చెయ్యి ఊపింది. ఆయన కూడా ఊపారు.

నడవ దాటాక చీకటిగదిలో ఇంకో మంచం ఉంది. దాని మీద ఒక ముసలమ్మ, దుప్పటిలో ఉందో లేదో తెలియనంత చిన్నగా.

"మా అత్త" అంది నూకరత్నం మెల్లగా. "లేవదు."

ముసలమ్మ కళ్ళు తెరిచింది. "ఎవర్నే? ఎక్కడికే తీసుకెళ్తున్నారు?"

"షెల్టరుకంట అత్తా. తుఫానొస్తే పోవాల్సిన చోటికి."

"ఓహో." ఆమె చూపు మాస్టారి మీంచి వచ్చి కిన్నెర మీద ఆగింది. "నన్నెప్పుడు తీసుకెళ్తారమ్మా?"

కిన్నెర చేతుల్లో మంచం ఉంది. ఆగడానికి లేదు.  ఆ కళ్ళలోకి చూస్తూనే రెండడుగులు వేసింది. పెరటి గుమ్మం దాటాక కూడా ఆ చూపు ఆమె వెంటే వచ్చింది.

అవతలి వీధి సన్నంగానే ఉంది గానీ, అక్కడ బళ్ళు లేవు. వాన తగ్గింది. నలుగురూ గబగబా నడిచారు. షెల్టరు మెట్ల దగ్గర మంచం దింపితే, నులక నుంచి నీళ్ళు ధారగా కారాయి.

మాస్టారు లేచి కూర్చున్నారు. తువ్వాలు పిండుకుని మొహం తుడుచుకున్నారు. ఆయన ఏమైనా అంటారేమోనని రజాక్, పైడిరాజు చూశారు. ఆయన తుమ్మారు. అంతే.

కిన్నెర తడిచేతులు ఓణీకి తుడుచుకుని ఫోన్ తీసింది. ఇంజనీరు గారికి చేసింది.

"ఆ, చెప్పమ్మా. పెయింటర్లకి చెప్పేశాను. పొద్దున్నే వచ్చేస్తాం."

"వద్దు సార్. పటం ఇవ్వట్లేదు."

"అదేంటి? నేను చూశాగా, బ్రహ్మాండంగా ఉంది."

"దారి లేదు సార్ అందులో."

"ఎర్రగా గీత ఉంటేను!"

"గీత ఉంది సార్."

 అవతల గొంతు మారింది. "చూడమ్మా, గాలివానల రోజులు దగ్గరికొచ్చేస్తున్నాయి. నీతో కాకపోతే చెప్పెయ్, ఇంకొకళ్ళకిస్తాం. అప్పుడు తీరం పని కూడా వాళ్ళకే పోతుంది. ఆలోచించుకో."

కిన్నెర కళ్ళ ముందు ఒక్క క్షణం ఆ ఒడ్డులన్నీ మెరిశాయి. ఒకదాని పక్కన ఒకటి, వెండి అంచులతో. ఎంత బాగుంటాయి అవి పైనుంచి!  

"ఇవ్వండి సార్. కాకపోతే వాళ్ళని వచ్చేటప్పుడు మంచం తెచ్చుకోమనండి."

"ఏంటీ? మంచమా?"

"నాకిస్తే మాత్రం వీధికొక సాయంత్రం పడుతుంది సార్. అంతకన్నా ముందు ఇవ్వలేను. ఇక్కడ ఒకావిడకి నేను మాట చెప్పాల్సి ఉంది."

ఆయన ఏదో గొణిగి ఫోన్ పెట్టేశాడు. పని ఉంచాడో తీసేశాడో కిన్నెరకి తెలియలేదు. మళ్ళీ చేసి అడగనూ లేదు. ఫోన్ ఓణీ కొంగున ముడి వేసుకుంది.

"పదండి ఇంక, చలేస్తోంది" అన్నాడు యోహాను. "వేడిగా ఏమైనా తాగి..."

"పక్కనున్న పోలేరమ్మ వీధిని కూడా ఈ వేళప్పుడే చూడాలి" అంది కిన్నెర.

"ఇప్పుడా!"

"మాస్టారూ, మీరు దిగండి."

మాస్టారు దిగారు. కిన్నెర ఆ తడి నులక మీద వెల్లకిలా పడుకుంది. వీపుకి చల్లగా తగిలి ఒళ్ళు జలదరించింది. అలవాటుకొద్దీ కళ్ళు పైకి వెళ్ళాయి. వాన వెలిసిన ఆకాశం ఎంతో పెద్దగా ఉంది. దానికేసి చూడటం చాలించి తల పక్కకి తిప్పింది. నేలకి జానెడెత్తులో మెట్లూ, కాలవ గట్టూ, ఎవరి గుమ్మమో కనబడ్డాయి.

"కాళ్ళు ముందుకి రానివ్వకండి" అంది. "ఎత్తండి."

"ఎత్తడానికి ముగ్గురమే ఉన్నాం తల్లీ" అన్నాడు యోహాను. "నాలుగో కోడు ఎవరు పట్టుకుంటారు?"

మాస్టారు పిండిన తువ్వాలు మడిచి భుజం మీద వేసుకున్నారు. వంగి, ఖాళీగా ఉన్న ఆ మూల కింద భుజం పెట్టారు.

"ఊఁ" అన్నారు.